పన్ను పీకే ముందు గుండె సంగతి అడగండి

బళ్ళారి జిల్లా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ అధికారి గారికి,



రూపనగుడి దారిలో మా ఊళ్లవైపు గుండె జబ్బున్న పిల్లల ఇళ్లకు వెళ్తే, అడగకముందే ఒక ప్లాస్టిక్ కవరు బయటికొస్తుంది. మడతల దగ్గర చిరిగిన ఎకో రిపోర్టు, ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ. మందుల పట్టీ అయిపోయాక, కాగితం అడుగున, ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటుంది: ‘ఐ.ఇ. ప్రొఫిలాక్సిస్ అడ్వైజ్డ్’. ఇంట్లో ఎవరికీ అది అర్థం కాదు. కొన్నేళ్లకు పిల్లాడికి పిప్పిపన్ను సలుపుతుంది. అమ్మ ఆ కవరు దూలం కింది సంచిలోనే ఉంచి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. పంటికీ గుండెకూ ఏం సంబంధమని ఆమె అనుకుంటే తప్పు పట్టలేం. ‘వీడికి గుండె జబ్బేమన్నా ఉందామ్మా’ అని అవతల అడగకపోవడమే తప్పు.

సంబంధం మీకు తెలిసిందే, చదువరుల కోసం చెబుతున్నాను. నోట్లో ఎప్పుడూ ఉండే స్ట్రెప్టోకాకస్ క్రిములు చిగురు చిట్లితే రక్తంలోకి దిగుతాయి. ఆరోగ్యమైన గుండెలో వాటికి నిలవనీడ దొరకదు. కృత్రిమ కవాటం మీద, కొత్తగా వేసిన అతుకు పక్కన, రక్తం ఒరుసుకుపోయే చోట తిష్ఠ వేసి గడ్డ కడతాయి. అదే ఎండోకార్డైటిస్, కాగితం అడుగున ఉన్న ‘ఐ.ఇ.’. అది రాకుండా వేసే ముందుజాగ్రత్త మందే ప్రొఫిలాక్సిస్. ఇక వారాల తరబడి రక్తనాళంలోకి మందు ఎక్కించాలి. కవాటం పాడైతే మళ్లీ ఆపరేషన్. గడ్డలోంచి ముక్క తెగి మెదడుకు పోతే పక్షవాతం.

అలాగని గుండె జబ్బున్న ప్రతి పిల్లకూ పళ్ల పనికి ముందు యాంటీబయాటిక్ మింగించమని నేను అడగడం లేదు. ఒకప్పుడు దాదాపు అలాగే చేసేవారు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ మందు అవసరమైనవాళ్ల పట్టీని బాగా కుదించింది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఎండోకార్డైటిస్ ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు, పుట్టుక గుండె జబ్బుతో ఒళ్లు నీలంగా మారి ఇంకా ఆపరేషన్ కాని పిల్లలు, అతుకు వేసి ఆరు నెలలు దాటనివాళ్లు, అతుకు పక్కన ఇంకా రక్తం కారుతున్నవాళ్లు, గుండె మార్పిడి తరవాత కవాటం చెడినవాళ్లు. అంతే. చిన్న చిల్లు ఉండి హాయిగా ఆడుకునే పిల్లకు అక్కర్లేదు. కారణం కూడా సబబైనదే: నమిలినప్పుడు, పళ్లు తోమినప్పుడు కూడా క్రిములు రక్తంలోకి పోతూనే ఉంటాయి, ఏడాది మొత్తం మీద ఒక పన్ను పీకుడు లెక్కలోకే రాదు. కాబట్టి అసలు రక్షణ పళ్లు శుభ్రంగా ఉండడం. అవసరమైన కొద్దిమందికి పళ్ల పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ ఒక్క మోతాదు, కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున, 2 గ్రాములకు మించకుండా. మా దగ్గర జరిగేది తలకిందులు. అక్కర్లేని పిల్లకు పన్ను పీకాక అయిదు రోజుల మాత్రలు రాస్తారు, కావలసిన పిల్లకు ముందు ఆ ఒక్కటీ పడదు.

రుమాటిక్ జ్వరంతో కవాటం చెడిన పిల్లల సంగతి ఇంకా చిక్కు. ‘ఇరవై ఒక్క రోజులకోసారి పెనిడ్యూర్ వేయిస్తున్నాం కదా సార్, మళ్లీ మందెందుకు?’ అంటారు తల్లిదండ్రులు. ఆ పెనిసిలిన్ సూది గొంతు జబ్బు తిరగబెట్టకుండా వేసేది. పళ్ల పని రోజున అది కాపలా కాయదు. పైగా ఏళ్ల తరబడి పెనిసిలిన్ పడినవాళ్ల నోటి క్రిములు దానికి అలవాటుపడి ఉండవచ్చు, అందుకే వాళ్లకు అజిత్రోమైసిన్ వంటి వేరే జాతి మందు ఎంచుకుంటారు. అసలు వీళ్లకు ఇవ్వాలా అన్నదాని మీదే దేశాలకు ఒక మాట లేదు. అమెరికా పట్టీలో సొంత కవాటం ఉన్న రుమాటిక్ రోగులు లేరు. మావోరి పిల్లల్లో రుమాటిక్ జబ్బు ఎక్కువైన న్యూజిలాండ్ మాత్రం వాళ్లను చేర్చింది. బళ్ళారి దేనికి దగ్గరో నాకైతే అనుమానం లేదు. తేల్చాల్సింది వైద్యులు, కానీ తేల్చి ఒక మాట మీద ఉండాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుక గుండె జబ్బు, రుమాటిక్ గుండె జబ్బు, పళ్ల జబ్బు మూడూ ఉన్నాయి. బడికి వచ్చే బృందం ఒకే పిల్లకు గుండె చూస్తుంది, పళ్లూ చూస్తుంది. ఫారంలోని ఆ రెండు గడులూ కలిపి చదివేవాళ్లే లేరు. మేం ఇప్పటికీ విమ్స్ అనే మెడికల్ కాలేజీ, ప్రభుత్వ దంత వైద్య కళాశాల రెండూ మీ ఊళ్లోనే ఉన్నాయి. గుండె జబ్బు తేలిన పిల్లను ఆపరేషన్‌కు పంపే ముందే పళ్ల కాలేజీకి పంపి పుచ్చులు బాగుచేయించడానికి కొత్త జీవో అక్కర్లేదు.

ఇంకొక మాట. గుండె జబ్బున్న పిల్లకు జ్వరం రోజుల తరబడి తగ్గకపోతే, మా ఊరి ఆరెంపీ మొదట చేసేది యాంటీబయాటిక్ సూది పొడవడం. ఆ తరవాత రక్తం కల్చర్‌కు పంపితే క్రిమి దొరకదు, జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. ముందు రక్తం తీయండి, ఆనక మందు వేయండి అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మీరు గట్టిగా చెప్పాలి.

ఇక మొదట చెప్పిన కాగితం సంగతి. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మేం అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిశాం. చుట్టరికాలు మాత్రం తెగలేదు. మా పిల్లలకు ఎకో బళ్ళారిలో, ఆపరేషన్ పుట్టపర్తిలో, అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు పన్ను పీకుడు గుంతకల్లులో. ఈ మూడు చోట్లకూ పిల్లతో పాటు పోయేది కాగితం ఒక్కటే. అది జేబులో పట్టే గట్టి కార్డు కావాలి. పిల్లకు ముందుజాగ్రత్త మందు అవసరమా కాదా, ఏ మందు, పెనిసిలిన్ పడుతుందా, బరువు ఎంత ఉంటే ఎంత మోతాదు, జ్వరం వస్తే ఏం చేయాలి అన్నవి కన్నడంలో, తెలుగులో, డాక్టర్ల కోసం ఇంగ్లీషులో ఉండాలి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా అచ్చు వేయించండి. తెలుగు పాఠం రాసి, అచ్చుతప్పులు దిద్దిపెట్టడానికి మా ఊళ్లలో మాస్టర్లున్నారు. కబురు చేస్తే వచ్చి రాసిస్తాం.

ఇట్లు,
బళ్ళారి సరిహద్దు ఊరి ఉపాధ్యాయుడు