సొంత పేరుతో ఆడినందుకు



ఒలింపిక్స్ కబుర్లలో జిమ్ థార్ప్ పేరు తప్పక వస్తుంది. 1912లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు, తర్వాత వాటిని లాగేసుకున్నారు. ‘పాపం, రూల్సు తెలియక తప్పు చేశాడు’ అంటారు. ఈ జాలి నాకు నచ్చదు. అతను చేసింది తప్పే కాదని నా వాదన.

థార్ప్ అమెరికా ఆదివాసి, శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. 1887లో ఇప్పటి ఓక్లహామాలో పుట్టాడు. తెగలో అతని పేరు వా-థో-హుక్, అంటే వెలుగు బాట. చదివింది మనలాగే హాస్టల్లో ఉంటూ, కార్లైల్ ఇండియన్ స్కూల్లో. మనలాగే అన్నాను గానీ పోలిక అంతవరకే. 1879లో ఒక సైనికాధికారి పెట్టిన ఆ బడిలో పిల్లల జుట్టు కత్తిరించేవారు, సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు. మొదట వచ్చిన పిల్లలనైతే బోర్డు మీద రాసిన ఇంగ్లీషు పేర్లలో ఒకటి ఏరుకోమన్నారు.

1909, 1910 సంవత్సరాల్లో థార్ప్ నార్త్ కరోలినాలో చిన్న జట్లకు బేస్‌బాల్ ఆడాడు. ఏదో కొద్దిగా డబ్బిచ్చారు. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు ఎంతోమంది ఇలాగే ఆడేవాళ్లు, కాకపోతే దొంగ పేర్లతో. థార్ప్ సొంత పేరుతో ఆడాడు. అందుకే దొరికాడు.

1913 జనవరిలో సంగతి పేపర్లో పడింది. డబ్బు తీసుకుని ఆడినవాడు ఒలింపిక్స్‌కు పనికిరాడన్నారు. పోటీలయ్యాక 30 రోజుల్లోపే ఫిర్యాదు చెయ్యాలని రాసుకున్నది వాళ్లే. ఆరు నెలలు దాటాక ఆ రూలు ఎవరికీ గుర్తు రాలేదు! కోచ్ వార్నర్ ‘నాకేం తెలీదు’ అనేశాడు. తన జట్టులో అందరికన్నా గొప్ప ఆటగాడు ఎక్కడికి పోయి ఏం ఆడాడో కోచ్‌కి తెలీదంటే మీరు నమ్ముతారా? అయినా డబ్బు ముట్టకుండా ఆడాలనే రూలు ఎవరికి సుఖం? ఇంట్లో గింజలకు కరువు లేనివాడికి.

పతకాలు పోయిన ఆ ఏడాదే న్యూయార్క్ జెయింట్స్ అతన్ని ఔట్‌ఫీల్డర్‌గా తీసుకుంది. అంటే క్రికెట్లో బౌండరీ దగ్గర నిలబడేవాడిలాగా, దూరంగా వచ్చే బంతుల్ని పరుగెత్తి పట్టేవాడు. మేనేజర్ మెక్‌గ్రా ఎక్కువగా బెంచీ మీదే కూచోబెట్టాడు. వంపు తిరిగే బంతి ఆడలేడని ప్రచారం. 1913 నుంచి 1919 దాకా మూడు పెద్ద జట్లకు ఆడినా మొత్తం 289 మ్యాచ్‌లే. సగటు .252, అంటే నాలుగుసార్లలో ఒక హిట్. గొప్ప లెక్కేం కాదు, ఒప్పుకుంటాను. కానీ 1917 మే 2న సిన్సినాటి రెడ్స్ మ్యాచ్ చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్ దాకా రెండు జట్లకూ ఒక్క హిట్ కూడా లేదు. పదో దాంట్లో థార్ప్ బ్యాటుకు మెల్లగా తగిలిన బంతికే గెలుపు పరుగు వచ్చింది. 1919లో బోస్టన్ బ్రేవ్స్ వరసగా ఆడనిస్తే సగటు .327కి పోయింది. ఆడనిస్తే కదా ఆట వచ్చేది! ఆ తర్వాత పెద్ద లీగులో మళ్లీ ఆడలేదు.

1953లో చనిపోయాడు. 1982లో ఒలింపిక్ కమిటీ ‘సహ విజేత’ అంది. ఒక్కడే విజేత అని ఒప్పుకోవడానికి 2022 జూలై దాకా పట్టింది. డెకాథ్లాన్‌లో రెండోవాడు, స్వీడన్ దేశపు వీస్లాండర్, ఆ బంగారు పతకం తనదని ఎన్నడూ ఒప్పుకోలేదట. అతనికి నా నమస్కారం.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన వైపు ఆటల పోటీల్లో వయసు దాటినవాణ్ణి ఇంకొకడి పేరుతో దింపడం అందరం చూస్తున్నదే. ఏ బడో రాయను. గెలిస్తే కప్పు బడిది, పట్టుబడితే తప్పు పిల్లాడిది. వార్డెన్ గారికీ, పి.ఇ.టి. సారుకీ మనవి: ఈసారి మన జట్టు లిస్టు రెండు రోజుల ముందే ఈ గోడ మీద అతికించండి. ఎవరి పేరుంటే వాళ్లే బస్సెక్కాలి. ఇలా అయితే ఓడిపోతామనేవాళ్లు వచ్చే సంచికకు రాసివ్వండి, జవాబు చెప్తాను.