రాయి తెలియని పాదం

కాలినడకన తిరుమల కొండ ఎక్కడం మన ఇళ్ళలో కొత్త విషయం కాదు. అలిపిరి దారిలో సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. పౌర్ణమినాటి అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. ఆళంది నుండి పండరిపురానికి సాగే వార్కరీలు మూడు వారాలలో దాదాపు 250 కిలోమీటర్లు నడుస్తారు. ఇటువంటి నడకకు బయలుదేరేవారు మంచిరోజు చూసుకుంటారు, సెలవు చూసుకుంటారు, తోడు చూసుకుంటారు. కాళ్ళకేమి తొడుక్కోవాలన్న ప్రశ్న మాత్రం ప్రయాణానికి ముందురోజు సాయంత్రం, బజారులో, దుకాణం మూసే వేళకు గుర్తుకు వస్తుంది. ఆరోగ్యమైన పాదాలకైతే దాని ఫలితం నాలుగు బొబ్బలు. ముందే ఏదో ఒక బాధ ఉన్న పాదాలకు ఆ ఫలితం అక్కడితో ఆగకపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాదానికి బాధ ఉన్నవారు దూరపు నడకను మానుకోవలసిన పని సాధారణంగా ఉండదు. కాని చెప్పులను దారిని బట్టి, ధరను బట్టి కాక తమ పాదాన్ని బట్టి ఎంచుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, స్పర్శ తగ్గిన పాదాన్ని ఏ మొక్కు పేరిటా వట్టిగా నేల మీద మోపకూడదు. ఈ రెండవ మాటకు అభ్యంతరం చెప్పేవారుంటారని తెలుసు. దానికి తరువాత వస్తాను.

ముందు మొదటి మాట. దుకాణాలలో ఇప్పుడు పాదాన్ని యంత్రం మీద నిలబెట్టి, "మీది చదును పాదం, మీకీ రకం బూటే సరి" అని చెప్పే పద్ధతి వచ్చింది. వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. అయితే అమెరికా సైన్యంలోనూ, వైమానిక, మెరైన్ దళాలలోనూ శిక్షణ పొందేవారి మీద జరిగిన అధ్యయనాలు 2009, 2010 ప్రాంతాలలో వెలువడ్డాయి. అరికాలి ఆకారాన్ని బట్టి ఒక వర్గానికి వేర్వేరు బూట్లు, రెండవ వర్గానికి అందరికీ ఒకే రకం బూట్లు ఇచ్చి చూస్తే, గాయాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నొప్పి లేని చదును పాదం రోగమేమీ కాదు. ఆకారం కన్న, తొడుక్కుని నడిచినప్పుడు పాదం చెప్పే సాక్ష్యమే నమ్మదగినది.

ఆ సాక్ష్యాన్ని సరిగా తీసుకోవాలంటే కొన్ని చిన్న పనులున్నాయి. రోజంతా తిరిగితే పాదాలు కొంత ఉబ్బుతాయి కనుక సాయంత్రం వేళ కొనాలి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండడం అరుదు, పెద్దదానికి సరిపోయేదే తీసుకోవాలి. నిలబడినప్పుడు అన్నిటికన్న పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ పొడుగైన వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది. బూటులోపలి అట్టను బయటికి తీసి దాని మీద నిలబడి చూడండి. పాదం అంచులు అట్ట దాటి పొర్లుతుంటే ఆ బూటు ఇరుకన్నమాట, "వాడగా వాడగా సాగుతుంది" అన్న దుకాణదారు మాటను నమ్మనక్కరలేదు. రెండు చేతులతో వంచితే బూటు వేళ్ళ దగ్గర వంగాలి, నడిమికి మడతపడకూడదు. మడమను పట్టే వెనుకభాగం నొక్కితే చప్పగా అణగిపోకూడదు. ఇక కొత్త జత ఎంత మంచిదైనా యాత్రనాడే తొలిసారి తొడగరాదు. కొన్ని వారాల ముందునుండే రెండు మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి అట్టే పెట్టుకుంటాయి, తడికి రాపిడి తోడైతే బొబ్బ లేస్తుంది. ఉన్ని మేజోళ్ళు గాని, తడి త్వరగా ఆరే కృత్రిమపు నూలువి గాని దూరానికి నయం.

బాధను బట్టి ఎంపిక మారుతుంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకే మడమలో కత్తి గుచ్చినట్లుంటే అది చాలావరకు అరికాలి కింది పట్టీ వాపు. అటువంటివారికి పలచని హవాయి చెప్పులు, గ్రానైటు పరిచిన ఇంట్లో వట్టికాళ్ళ నడక, రెండూ చేటే. మడమ కింద మెత్తనగా, కాస్త ఎత్తుగా ఉండే బూటు మేలు, పిక్కల కండరాలను రోజూ సాగదీయడం ఇంకా మేలు. బొటనవేలి మొదట్లో ఎముక బొడిపెకట్టినవారికి ముందుభాగం వెడల్పుగా, పైకప్పు మెత్తగా ఉండాలి. ఆనెకాయ ఉన్నవారు ముందు ఆలోచించవలసింది దాన్ని కోసెయ్యడం గురించి కాదు, అక్కడ ఒత్తిడి ఎందుకు పడుతున్నదో చూడడం గురించి. హవాయి చెప్పుతో ఇంకొక తంటా ఉంది. అది జారకుండా వేళ్ళు ప్రతి అడుగుకూ దాన్ని బిగబట్టాలి. వీధి చివరి కొట్టుకు ఫరవాలేదు, 14 కిలోమీటర్లకు పనికిరాదు.

ఇంతవరకు చెప్పినదంతా నొప్పి తెలిసే పాదాల మాట. చెప్పులో పడ్డ రాయి ఎంత వేధిస్తుందో వేమన చెప్పగా మనందరం చిన్ననాడే విన్నాం. ఆ రాయి అసలు తెలియని పాదం సంగతేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లలో ముఖ్యమైనది మన పొరుగునే ఉన్న వేలూరు. తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన ఆంగ్ల శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చాడు. కుష్ఠురోగుల వేళ్ళు, పాదాలు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పటి నమ్మకం. అది నిజం కాదని, నొప్పి తెలియకపోవడం వల్ల గాయపడ్డ పాదం మీదనే రోగి నడుస్తూ పోతాడని, నాశనమంతా అక్కడినుండి వస్తున్నదని ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. ఆ అవగాహనలోనుండి వచ్చినవే సూక్ష్మరంధ్రాల మెత్తని రబ్బరుతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పులు. కింద గట్టి అట్ట, పైన ఒత్తిడిని పంచే మెత్తని పొర, మడమ వెనుక పట్టీ. ఆ పట్టీ అలంకారం కాదు. స్పర్శ లేని కాలినుండి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, అందుకని.

కుష్ఠు తగ్గింది కాని, స్పర్శ లేని పాదాలు తగ్గలేదు. మధుమేహం ఏళ్ళ తరబడి ఉన్నవారిలో చాలామందికి అరికాళ్ళ నరాలు మొద్దుబారతాయి. అది మెల్లగా వస్తుంది కనుక వచ్చినట్లే తెలియదు. పైగా "నా కాళ్ళకు ఏ నొప్పీ లేదు" అని ధీమాగా చెప్పుకునేవారిలో వీరూ ఉంటారు. వైద్యుడు 10 గ్రాముల బలానికి వంగే నైలాను పోగును అరికాలి మీద ఆనించి, తెలుస్తున్నదా అని అడిగి కనిపెట్టగలడు. అయిదు నిమిషాల పని. ఆ పోగు తెలియని పాదానికి కాలిన తారు తెలియదు, గుచ్చుకున్న ముల్లు తెలియదు, నలిగిన బొబ్బ తెలియదు. రక్తప్రసారం కూడా తగ్గి ఉంటే ఆ బొబ్బే పుండై, పుండు ఎముకదాకా దిగి, చివరికి వేలో కాలో తీసివేయవలసి రావచ్చు.

ఇక అభ్యంతరం. మాల వేసుకున్నవారు 41 రోజులు చెప్పులు లేకుండా ఉండడం నియమం, కొండదారిలో వట్టికాళ్ళతో నడవడం ఆచారం, కష్టపడడమే కదా మొక్కులోని అర్థం అంటారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోను. కష్టాన్ని ఎరిగి దేవుడికి సమర్పించడంలో అందమున్నది. కాని స్పర్శ లేని పాదం కష్టాన్ని ఎరగదు. అది సమర్పిస్తున్నది నొప్పిని కాదు, నొప్పి లేకుండానే పాదాన్ని. ఉపవాసంలో మందు వేసుకునే రోగిని మనం తప్పుపట్టం. మెత్తని చెప్పు కూడా ఆ రోగికి మందే. గర్భగుడి ముందు విడవడం వేరు, మైళ్ళ కొద్దీ తారు మీద విడవడం వేరు.

పాదరక్షలతో నడిస్తే నడక పవిత్రత తగ్గుతుందనుకునేవారికి ఒక సంగతి. 1930లో సబర్మతి నుండి దండి దాకా దాదాపు 385 కిలోమీటర్లు నడిచిన గాంధీ వయసు అప్పటికి 60. ఆ నడక ఛాయాచిత్రాలలో ఆయన కాళ్ళకు చెప్పులు కనబడతాయి. దక్షిణాఫ్రికాలో ఉండగా ఆయన చెప్పులు కుట్టడం నేర్చి, తనను చెరలో పెట్టించిన జనరల్ స్మట్స్‌కే ఒక జత బహుమతిగా ఇచ్చాడు. చెప్పు ఆయనకు చిన్నతనం కాలేదు, నడక విలువ దానివల్ల తరగనూ లేదు.

స్పర్శ తగ్గినవారు నడవదలిస్తే నియమాలు కొద్దిపాటివే. వైద్యుని అనుమతి, వెనుక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు లేదా తగిన బూట్లు, తొడిగే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమడం, ప్రతి మజిలీలో అరికాళ్ళు చూసుకోవడం. ఆనెకాయకు బ్లేడు గాని, మందుల దుకాణంలో అమ్మే ఆనె పట్టీలు గాని తాకించకూడదు. పుండు ఇప్పటికే ఉంటే, కారణం తెలియకుండా పాదం వేడెక్కి వాచి ఉంటే, ఏ చెప్పూ సరిపోదు. ఆ యేడు నడక వాయిదా వేసుకోవలసిందే.

ఈ టపా చదివే మిత్రులలో చాలామంది కాళ్ళు ఇంకా రాయి తెలిసేవే అయి ఉంటాయి. కాని మీ ఇంట్లో మాల వేసుకోబోయే మామయ్యో, కొండకు నడుస్తానంటున్న అమ్మో ఉండవచ్చు. చక్కెర ఎవరికుందో మీకు తెలుసు. వంగి తమ అరికాలు చూసుకోవడం వారికి ఆ వయసులో సులువు కాదు. మీరే ఒకసారి దీపం దగ్గరికి తెచ్చి చూడండి, చెప్పుల దుకాణానికి ఆ తరువాత వెళ్ళవచ్చు.