ఫ్లోమ్ లోయలోకి దిగే రైలు

పశ్చిమ నార్వేలో సోగ్న ఫ్యోర్డ్ సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది. హిమయుగాల్లో మంచునదులు కొండల్ని దొలిచి లోయలు చేశాయి. మంచు కరిగాక వాటిలోకి సముద్రపు నీరు చేరింది. అలా ఏర్పడినవే ఫ్యోర్డ్‌లు. సోగ్న ఫ్యోర్డ్ లోతు ఒకచోట 1,300 మీటర్లు దాటుతుంది. దాని పాయల్లో ఒకటైన ఔర్లాండ్ ఫ్యోర్డ్ కొసన ఫ్లోమ్ ఉంది. ఊళ్లో కాపురముండేది కొన్ని వందల మంది, ఏటా వచ్చిపోయేవారు లక్షల మంది. అంతమందిని అక్కడికి రప్పిస్తున్న వాటిలో మొదట చెప్పుకోవలసింది 20 కిలోమీటర్ల రైలుమార్గం.

ఆ మార్గం సందర్శకుల కోసం వేసింది కాదు. ఓస్లో, బెర్గెన్ నగరాలను కలిపే ప్రధాన మార్గం 1909లో మొదలైంది. అది ఎత్తయిన పీఠభూమి మీదుగా సాగుతుంది. అందులో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల దగ్గర ఉంటుంది. కింద ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న ఊళ్లకు మాత్రం పడవలే దిక్కు. టపా, సరుకులు, మనుషులు పడవ దిగి రైలెక్కాలంటే పైనున్న మిర్డాల్ స్టేషన్‌కూ ఫ్లోమ్ రేవుకూ మధ్య ఒక శాఖామార్గం కావలసి వచ్చింది.

మిర్డాల్ 867 మీటర్ల ఎత్తున ఉంది. ఫ్లోమ్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. ఇంత ఎత్తును 20 కిలోమీటర్లలో దిగాలి. 1920లలో మొదలైన పని ముగియడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. మార్గంలోని 20 సొరంగాల్లో 18 కూలీలు చేతి పనిముట్లతో తవ్వినవే. సొరంగాల మొత్తం పొడవు 6 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. మంచుచరియలు విరిగిపడే చోట్లను తప్పించడానికి మార్గం లోయలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతూ పోతుంది. నది అడ్డొచ్చిన చోట వంతెన కట్టకుండా నదినే పట్టాల కింది సొరంగంలోకి మళ్లించారు. జర్మనీ ఆక్రమణలో ఉండగా 1940 ఆగస్టు 1న ఆవిరి ఇంజన్లతో రాకపోకలు మొదలయ్యాయి. 1944లో విద్యుత్ రైళ్లు వచ్చాయి.

దారిలో ఎక్కువ భాగం వాలు 5.5 శాతం, అంటే 18 మీటర్లు సాగితే ఒక మీటరు దిగినట్టు. అయినా ఊటీ రైలుకున్నట్టు పట్టాల మధ్య పళ్ల కమ్మీ లేదు. మామూలు వెడల్పు పట్టాల మీదే రైలు నడుస్తుంది. ఒక బ్రేకు పనిచేయకపోయినా మరొకటి ఆపగలిగేలా విడివిడి బ్రేకు ఏర్పాట్లున్నాయి. వేగం తక్కువ కాబట్టి ప్రయాణానికి సుమారు గంట పడుతుంది.

కుటుంబాలు సాధారణంగా ఓస్లో లేదా బెర్గెన్ నుంచి బయల్దేరి మిర్డాల్‌లో రైలు మారతాయి. పిల్లలకు ఆటస్థలం ఉన్న పెట్టె బెర్గెన్ రైళ్లలో దొరుకుతుంది. మిర్డాల్ దాటిన కాసేపటికి ఖ్యోస్ఫోసెన్ జలపాతం దగ్గర రైలు కొద్ది నిమిషాలు ఆగుతుంది. తుంపర మీద పడేంత దగ్గరగా ప్లాట్‌ఫారం ఉంటుంది. వేసవిలో అక్కడి రాళ్ల మీద ఎర్ర దుస్తుల్లో నర్తకి కనిపిస్తుంది. నార్వే జానపద కథల్లో మనుషుల్ని మాయచేసి అడవిలోకి లాక్కుపోయే హుల్డ్రా వేషమది. ఆ తర్వాత లోయ విచ్చుకుని పొలాలు, పాత చర్చి, చివరికి రేవు వస్తాయి. అక్కడి నుంచి గుడ్వాంగెన్‌కు పడవలున్నాయి. అవి వెళ్లే నారోయ్ ఫ్యోర్డ్ ఇరుకైనచోట 250 మీటర్ల వెడల్పే ఉంటుంది. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 2018 నుంచి ఈ దారిలో పూర్తిగా బ్యాటరీతో నడిచే పడవ కూడా తిరుగుతోంది.

రోడ్లు రావడంతో రైలుకు అసలు పని తగ్గిపోయింది. 1991లో గుడ్వాంగా సొరంగం, 2000లో 24.5 కిలోమీటర్ల లార్డాల్ సొరంగం ఈ ప్రాంతాన్ని రెండు వైపులా రహదారితో కలిపాయి. సరుకు లారీల్లోకి మారింది. మార్గం మూతపడకుండా కాపాడింది సందర్శకులే. 1998 నుంచి టికెట్ల అమ్మకం, ప్రచారం స్థానిక సంస్థ చేతికి వచ్చాయి. రైళ్లు నడిపే పని రైల్వే దగ్గరే ఉంది.

బతికించిన జనమే ఇప్పుడు బరువవుతున్నారు. విహార నౌక రేవుకు వచ్చిన రోజు ఊరి జనాభాకు ఎన్నో రెట్ల మంది ఒక్కసారి దిగుతారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. ప్రపంచ వారసత్వ ఫ్యోర్డ్‌లలో ఓడల పొగ ఉండకూడదని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. నిబంధన 2026 నుంచి చిన్న ఓడలకు వర్తిస్తుంది, పెద్ద నౌకలకు 2032 వరకు గడువిచ్చారు. ఊరిని ముంచెత్తేది పెద్ద నౌకలే కనుక వాటికే ఎక్కువ గడువివ్వడం సమంజసంగా లేదు. పైగా పొగ ఆగినంత మాత్రాన రద్దీ తగ్గదు. రోజుకు ఎంతమంది దిగవచ్చో కూడా హద్దు పెట్టాలి. రైల్లో వచ్చి ఒక రాత్రి బస చేసే కుటుంబం గది అద్దె, భోజనాల రూపంలో ఊరికి ఆదాయమిస్తుంది. నౌక ప్రయాణికులకు తిండీ బసా నౌకలోనే. రైలు వేళల్నీ టికెట్లనీ ఒక్క పూట వచ్చిపోయేవారికంటే బస చేసేవారికి అనుకూలంగా మలిస్తే ఆ ఊరికీ మేలు, ఆ రైలు మార్గానికీ మేలు.