తాబేలుకు కాపలా సరే, జాలరి సంగతేమిటి?

ఈ మధ్య సంఘాల్లో యువతీయువకులు అడిగే ప్రశ్నల్లో ఒక కొత్త ప్రశ్న చేరింది. "పర్యావరణ సంస్థలో పనిచేయాలని ఉంది అయ్యగారూ, అది కూడా సేవే కదా?" అని. సేవే. అందులో నాకు అనుమానం లేదు. అయితే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, పరిరక్షణ కార్యక్రమాలకు నాయకత్వం వహించడం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే వారు ముందు ఒకసారి గంజాం జిల్లాకు వెళ్ళి రావాలని నా అభిప్రాయం. పుస్తకాల్లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

బరంపురం నుంచి ఛత్రపురం మీదుగా చమఖండి వైపు వెళ్ళండి. ఆ చుట్టుపక్కల ఒక్కరోజు తిరిగితే చాలు, పర్యావరణం అనే మాటకు ఉన్న అర్థాలన్నీ ఎదురవుతాయి. ఒకపక్క తంపరా సరస్సు. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఇంకోపక్క ఇసుక తవ్వి ఇల్మనైట్, జిర్కాన్ వంటి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం. అటుపైన ఉప్పు మడులు. ఆ తర్వాత ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. ఆ తీరం పొడవునా ఊళ్ళ పేర్లు చూడండి: ఆర్యపల్లి, పొడంపేట, రామయ్యపట్నం. పేర్లలోనే తెలుగు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యే దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రమే. సరిహద్దు గీత గీశారు గానీ, జాలరి కుటుంబాలు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. ఒడియా వాళ్ళు వీరిని నోలియాలంటారు. వాడబలిజలు, జాలర్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో అర్థంకాని ఇంగ్లీషు.

ఈ తీరానికి ప్రపంచంలో పేరు తెచ్చింది మాత్రం జాలర్లు కాదు, తాబేళ్ళు. ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు ఇక్కడ లక్షల సంఖ్యలో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో బయటి శాస్త్ర లోకానికి తెలిసింది. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పరిశోధకుడు బివాష్ పాండవ్ దాన్ని నమోదు చేశారు. బయటి లోకానికి అని ఎందుకంటున్నానంటే, ఒడ్డున ఉన్న ఊళ్ళకు అది అప్పటికే తెలుసు. "కనుగొన్నారు" అనే మాట నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఒక్కో తల్లి తాబేలు ఇసుకలో గుంట తీసి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పరుగెడతాయి. చీకటి రాత్రిలో ఆ వెలుగు సముద్రం మీదే ఉండాలి. రోడ్డు దీపాలు, ఫ్యాక్టరీ దీపాలు వెలుగుతుంటే అవి వెనక్కి, ఊరివైపు పాకి చచ్చిపోతాయి. 2023లో ఈ తీరంలో ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. 2024లో ఆ సామూహిక రాకే లేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. ఇలాంటి లెక్క చూసి ఒక ఏడాది గొప్పలు చెప్పుకోవడం, మరో ఏడాది గుండెలు బాదుకోవడం రెండూ తొందరపాటే.

ఆ తీరంలో రాత్రుళ్ళు కాపలా కాసి, గుడ్ల చుట్టూ వలలు కట్టి, దారి తప్పిన పిల్లల్ని బకెట్లలో ఏరి నీళ్ళలో వదిలే పని మొదట చేసింది పురుణబంధ ప్రాంతపు కుర్రాళ్ళు. ఋషికుల్య సముద్ర తాబేళ్ళ సంరక్షణ సమితి అలా పుట్టింది. దాని కార్యదర్శిగా పత్రికల్లో తరచు కనిపించే రవీంద్రనాథ్ సాహు ఆ ఊరివాడే. పరిశోధకుల వెంట తిరుగుతూ పని నేర్చుకున్న స్థానికుడు నాయకుడయ్యాడు. నాయకత్వం గురించి మన యువత గమనించాల్సిన మొదటి సంగతి ఇది. ఈ తీరంలో ముప్పై ఏళ్ళుగా నిలిచిన పని, ఊళ్ళో ఉండిపోయేవాళ్ళు మోసిన పనే. ఆలివ్ రిడ్లే పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి తిరిగి రావాలంటే పదేళ్ళు దాటుతుంది. సంస్థల ప్రాజెక్టు గడువు మూడేళ్ళు. ప్రాజెక్టు మొదటి ఏడాది పుట్టిన తాబేలు తిరిగొచ్చే నాటికి ఆ మేనేజరు ఎక్కడ ఉంటాడు? ఢిల్లీలోనో, బెంగళూరులోనో, మరో సంస్థలో.

ఇక అసలు బాధ దగ్గరికి వస్తాను. తాబేళ్ళ కోసం ప్రతి ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవీ, ఋషికుల్య నదీముఖాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. ఏడు నెలలు. ఇది కాక తూర్పు తీరమంతటా చేపలు గుడ్లు పెట్టే కాలానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లపై నిషేధం ఎలాగూ ఉంది. వేట ఆగినందుకు జాలరి కుటుంబానికి ఒడిశా ప్రభుత్వం కొన్నేళ్ళపాటు ఇచ్చింది రూ. 7,500. ఏడు నెలల మీద పంచి చూడండి. 212 రోజులు. రోజుకు ముప్పై అయిదు రూపాయలు, ఇంటిల్లిపాదికీ కలిపి. ఆ మొత్తం పెంచినా లెక్క స్వభావం మారదు. అదే తాబేళ్ళ కోసం అబ్దుల్ కలాం దీవిలో జనవరి నుంచి మార్చి వరకు క్షిపణి పరీక్షలు ఆపాలని 2023 డిసెంబరులో నిర్ణయించారు. మంచి నిర్ణయం, నాకు సంతోషం. క్షిపణి ఆగితే ఏ శాస్త్రవేత్త ఇంట్లోనూ పొయ్యి ఆరిపోదు. వల ఆగితే ఆరిపోతుంది.

తాబేళ్ళను ఎక్కువగా చంపేది ఎవరు? తెప్ప మీద, చిన్న ఫైబర్ బోటు మీద వెళ్ళే నోలియా కాదు. తాబేలు ఊపిరి తీసుకోవడానికి నీటిపైకి రావాలి. ట్రాల్ వలలో ఇరుక్కుని గంటల తరబడి లోపలే ఈడ్చుకుపోతే మునిగి చస్తుంది. వలలో ఒక ఇనుప చట్రం, తాబేలు తప్పించుకునే ద్వారం పెడితే ఈ చావు చాలావరకు ఆగుతుంది. దాన్నే టెడ్ అంటారు. చేపలు కూడా ఆ సందులోంచి పోతాయని ట్రాలర్ యజమానులు దాన్ని పెట్టరు. పెట్టనందుకు 2019 నుంచి మన దేశంలో సముద్రంలో పట్టిన రొయ్యలను అమెరికా కొనడం మానేసింది. అయినా పెట్టరు. ఈ ట్రాలర్లు ఎక్కడివి? కొన్ని పారాదీప్‌వి, కొన్ని విశాఖపట్నానివి. గంజాం తీరంలో ఆంధ్రా ట్రాలర్లు పట్టుబడ్డాయన్న వార్తలు తరచు వస్తూనే ఉంటాయి. అంటే ఈ గొడవలో ఇరువైపులా తెలుగువాళ్ళున్నారు. ట్రాలర్ యజమానీ తెలుగే, వల చుట్టి ఇంట్లో పెట్టుకున్న నోలియా కూడా తెలుగే. వారిలో ఎవరు కేసులో చిక్కుతారో, ఎవరు జరిమానా కట్టి మర్నాడే బయలుదేరుతారో వేరే చెప్పనక్కర్లేదు.

పరిరక్షణ సంస్థలో అధికారి కుర్చీలో కూర్చున్నవాడికి ఇక్కడ ఒక సులువైన దారి ఉంది. నిషేధం గట్టిగా అమలు చేయమని అటవీశాఖకు లేఖ రాసి, తాబేళ్ళ ఫోటోలతో నివేదిక తయారుచేసి దాతలకు పంపడం. తప్పు పట్టేవారుండరు. జాలరి ఊళ్ళో మాత్రం తాబేలు అంటే అసహ్యం మొదలవుతుంది. తన పిల్లల కూడు లాక్కున్న జంతువుగా దాన్ని చూడడం మొదలుపెడతారు. అప్పుడు ఆ తీరాన్ని ఏ అటవీశాఖా కాపాడలేదు.

రెండో దారి కష్టం. అది ఒడిశాలోనే కొందరు వేసి చూపించారు. 2004లో సంప్రదాయ జాలర్ల సంఘాలూ, తాబేళ్ళ కోసం పనిచేసే సంస్థలూ కలిసి ఒక వేదిక పెట్టుకున్నాయి: ఒడిశా మెరైన్ రిసోర్సెస్ కన్జర్వేషన్ కన్సార్టియం. అంతకుముందు కోర్టుల్లో, పత్రికల్లో ఒకరినొకరు నిందించుకున్నవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య తగాదాలు తీరిపోయాయని నేను చెప్పను. కానీ తాబేలునూ జాలరినీ చంపుతున్నది ఒకే ట్రాల్ వల అని ఇద్దరూ ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మన క్రైస్తవులకు ఈ దారి కొత్తది కాకూడదు. కేరళకు చెందిన ఫాదర్ థామస్ కొచ్చేరి రిడెంప్టరిస్టు గురువు, న్యాయవాది. జాలరి పల్లెలో బతికి, జాతీయ మత్స్యకార్మికుల వేదికకు నాయకుడయ్యాడు. 1989లో నీటిని కాపాడండి, జీవాన్ని కాపాడండి అనే పిలుపుతో తూర్పు, పడమర తీరాల నుంచి రెండు యాత్రలు బయలుదేరి మే 1న కన్యాకుమారిలో కలిశాయి. ఆరోజు పోలీసులు కాల్పులు జరిపారు. విదేశీ ఓడలకు మన సముద్రంలో ఇచ్చిన వేట లైసెన్సుల మీద పోరాడి, వాటిని రద్దు చేయాలని మురారి కమిటీ సిఫారసు చేసే దాకా తెచ్చింది ఆ ఉద్యమమే. 1999లో ఆయనకు నార్వే వారి సోఫీ బహుమతి వచ్చింది, పర్యావరణానికి ఇచ్చేది. జాలరి కూలీ గురించి మాట్లాడినవాడికి పర్యావరణ బహుమతి! ఆయన దృష్టిలో అవి రెండు విషయాలు కావు. మన బైబిలు కళాశాలల్లో ఆయన పేరు ఎంతమంది విన్నారు?

ఆదికాండంలో దేవుడు మొట్టమొదట ఆశీర్వదించింది మనిషిని కాదు. అయిదో రోజున, నీటిలోని జీవులను, పక్షులను. ద్వితీయోపదేశకాండంలో పిట్టగూడు కనబడితే తల్లిని, పిల్లలను కలిపి తీసుకోకూడదనే ఆజ్ఞ ఉంది. గుడ్లు పెట్టే తల్లి గురించి అంత పాతకాలంలోనే చట్టం ఉందన్నమాట. అదే ధర్మశాస్త్రం కూలివాడి కూలి పొద్దు గుంకక ముందే ఇచ్చేయమంటుంది. ఈ రెండు ఆజ్ఞలూ కొద్ది పుటల తేడాతో ఒకే గ్రంథంలో ఉన్నాయి. మన ప్రసంగాల్లో మొదటిది అసలు రాదు, రెండోది అరుదుగా వస్తుంది.

ఒక చిన్న మాట, కొందరికి కోపం వచ్చినా. ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన గుడ్లు ఏప్రిల్లో పగులుతాయి. సరిగ్గా ఈస్టరు రోజులు. తీర పట్టణాల్లో ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన సముద్రపు ఒడ్డున పెట్టుకోవడం మనకు ఆనవాయితీ. ఫ్లడ్‌లైట్లు, జనరేటర్లు, స్పీకర్లు. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో ఆ దీపాలు ఆర్పేసి, సూర్యుడు వచ్చేదాకా చీకట్లోనే పాడుకుంటే ఏం పోతుంది? ఖాళీ సమాధి దగ్గరకు స్త్రీలు వెళ్ళింది కూడా ఇంకా చీకటి ఉండగానే.

మళ్ళీ ఉద్యోగాల విషయానికి. ఈ సంస్థల ప్రకటనల్లో పీజీ డిగ్రీ, ఇంగ్లీషులో నివేదికలు రాయడం, దాతలతో వ్యవహరించడం అడుగుతారు. జాలరి ఊరి భాష తెలుసా అని అడిగిన ప్రకటన నాకు కనబడలేదు. గంజాం తీరపు సమావేశాల్లో ఒడియాలో మాట్లాడి ఇంగ్లీషులో మినిట్స్ రాస్తుంటే, వెనక వరుసలో కూర్చున్న తెలుగు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చేపలు అమ్మేది, ఎండబెట్టేది, వేట లేని నెలల్లో అప్పు తెచ్చేది వాళ్ళే. నిషేధం వల్ల ఇంట్లో ఏం తగ్గిందో లెక్క చెప్పగలిగేదీ వాళ్ళే. శ్రీకాకుళం, విశాఖ నుంచి వెళ్ళే మన పిల్లలకు ఒడియా కూడా కొద్దిగా వస్తే, ఆ వెనక వరుస పక్కన కూర్చుని మాట్లాడగలరు. నాయకత్వానికి అంతకంటే మంచి అర్హత నాకు తోచడం లేదు.

ఉద్యోగంలో చేరబోయే ముందు ఆ సంస్థను కొన్ని ప్రశ్నలు అడగండి. మీ పాలక మండలిలో జాలరి ఊరివారు ఎవరైనా ఉన్నారా? కాపలా కాసే కుర్రాళ్ళకు ఏడాదంతా జీతమా, సీజన్లో రోజుకూలీయా? వేట నిషేధ పరిహారం గురించి ఎప్పుడైనా మాట్లాడారా? ట్రాలర్ల మీద, రేవుల మీద, ఇసుక తవ్వే కంపెనీల మీద మీరు నోరు విప్పుతారా, లేక వాళ్ళలో ఎవరైనా మీకు నిధులిస్తున్నారా? ఇంటర్వ్యూలో ఇవన్నీ అడిగితే ఉద్యోగం రాకపోవచ్చు. కనీసం సంగతి తెలుస్తుంది.

పొడంపేట పాత ఊరిని సముద్రం కోసుకుపోయింది. ఇళ్ళు కూలి, జనం వెనక్కి జరిగి కొత్తచోట కట్టుకున్నారు. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక కూడా కొన్నిచోట్ల అలాగే కోతకు గురవుతోంది. ఆ తీరంలో మనిషికీ తాబేలుకూ ఇంటి స్థలం సమస్య ఒక్కటే. నవంబరు 1న వేట నిషేధం మళ్ళీ మొదలవుతుంది. ఆలోగా బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట సంఘాల యువజన నాయకులు ఒక రోజు కుదుర్చుకుని పొడంపేట కొత్త కాలనీకి వెళ్ళండి. ప్రసంగం, కరపత్రాలు వద్దు. ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళి, పరిహారం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు, ఇంటింటికీ అడిగి తెలుగులో రాసుకోండి. ఆ కాగితాలు ఒడియాలోకి మార్చి ఛత్రపురం కలెక్టరేటులో ఇవ్వడానికి మనుషులు దొరుకుతారు.