తీపి మొక్కజొన్న: విత్తనము నిలుపు భారము

తీపి మొక్కజొన్న కంకులనిన మన విద్యార్థులకు మిక్కిలి ప్రీతి. ఐనను అంగడిలో కొన్న కంకికిని, పెరటిలో కోసిన వెంటనే ఉడికించిన కంకికిని రుచిలో ఎంతో భేదము కలదు. కోసినది మొదలు గింజలోని చక్కెర పిండిపదార్థముగా మారుచుండును. పాతకాలపు రకములలో ఈ మార్పు మఱింత త్వరితము. కావున అవి పెరటికే తగిన పంట. ఐతే పంట పండించుటకంటె విత్తనమును నిలుపుట కష్టమనియు, అది ఒక్క యింటివారి వలన కాదనియు మా అభిప్రాయము.

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున గ్రీన్‌ఫీల్డు అను ఊరిలో విలియం ఛేంబర్సు అను రైతు పసుపుపచ్చని తీపి రకము నొకదానిని పెంచుచుండెను. ఆయన మరణానంతరము ఆ గింజలు ఫిలడెల్ఫియాలోని బర్పీ విత్తనసంస్థకు చేరగా, వారు 1902లో దానిని 'గోల్డెన్ బాంటమ్' అను పేరున విక్రయింపసాగిరి. అంతవఱకు అచటివారు తెల్లని కంకులనే కోరి, పసుపు కంకి పశువుల మేతకే తగునని తలచుచుండిరి. నేటికిని ఆ రకమును పెరళ్లలో పెంచుచున్నారు. గింజలు చేతులు మాఱినందుననే అది నిలిచినది.

నేడు అంగడిలో దొరకు విత్తనములు చాలవఱకు సంకరజాతివి. వాని దిగుబడిని మేము నిందింపము. కాని ఆ కంకి గింజలను మరల నాటినచో తల్లి గుణములు ఏకరీతిగా రావు. ఏటేట కొనవలసినదే. పాత రకమునకు ఆ చిక్కు లేదు కాని, రెండు జాగ్రత్తలు కావలెను.

మొదటిది పుప్పొడి విషయము. మొక్క తలపైని పూగుత్తి పుప్పొడిని రాల్చును. కంకి కొననున్న పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు దారి. పుప్పొడిని మోయునది గాలి. అందుచే ఒకే వరుసగా గాక, నాలుగైదు వరుసలు చదరముగా నాటవలెను. సమీపమున మామూలు మొక్కజొన్న అదే సమయమున పూచినచో, ఆ పుప్పొడి సోకిన గింజ ఆ యేడే తీపిని కోల్పోవును. పొరుగు రైతుతో మాటలాడి, సుమారు మూడు వారములు ముందువెనుకలుగా విత్తుట దీనికి ఉపాయము.

రెండవది మొక్కల సంఖ్య. పది మొక్కలనుండియే ఏటేట విత్తనము తీసినచో, కొన్ని తరములకే పైరు బలహీనమై కంకులు చిన్నవగును. నూఱు మొక్కలైనను ఉండుట మేలు. సామాన్య గృహస్థుని పెరటిలో అంత చోటెక్కడిది?

రెండడుగుల వరుసలలో అడుగున కొక మొక్క చొప్పున నూఱు మొక్కలకు 200 చదరపుటడుగులు చాలును. పాఠశాల ఆవరణమున అది దుర్లభము కాదు. ఇంటి పంట తినుటకు, బడి పంట విత్తనమునకు. కంకులు మొక్కపైననే ఎండి, గింజలు ముడుతలు పడిన పిదప కోసి, అనేక కంకుల గింజలను కలిపి, ఇంటికొక దోసెడు పంచవలెను. ఒక చోట చెడినను మఱొక చోట నిలుచును.

కొన్నచో దొరకుదానికి ఇంత శ్రమ యేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. అమ్ముడుపోని రకమును వర్తకుడు మానివేయును. అది అతని తప్పు కాదు. మనకు కావలసినదానిని నిలుపుకొను భారము మనదే. హోసూరు ప్రాంతమున తెలుగు చదువును కాపాడుకొనుచున్న మనకు ఈ మాట క్రొత్త కాదు. ఇంట మాటలాడు భాష ఇంటనే యుండును. అది అక్షరమై తరువాతి తరమునకు అందవలెననిన, పదిండ్ల పిల్లలు ఒక్క చోట కూడవలెను.

రాబోవు తొలకరికి బడిలో నూఱు మొక్కల మడి సిద్ధము చేయుటకు పెద్దలు సమ్మతింతురని ఆశించుచున్నాము.