పద్నాలుగు మంది బండి

ఈ వారం ఒక కొత్త సినిమా గురించి రాద్దామని కలం పట్టుకు కూర్చున్నాను. ఇంతలో నల్గొండ నుంచి డిగ్రీ చదువుతున్న ఓ తమ్ముడి ఉత్తరం వచ్చి అడ్డం పడింది. సినిమా ఎక్కడికీ పోదు లెండి, వచ్చే వారం చూసుకుందాం. ఉత్తరం సారాంశం ఇదీ:

"అన్నయ్యా, మా ఇంట్లో ఓ పెద్ద వ్యానుంది. సీట్లు వెనక్కి వాల్చి పడుకునేట్టు నాన్నే దగ్గరుండి చేయించాడు. శ్రీశైలం, తిరుపతి, అన్నీ అందులోనే తిరిగాం. అందులోనే వండుకున్నాం, అందులోనే నిద్రపోయాం. ఇప్పుడు అక్కలిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయని, దాన్ని అమ్మేసి చిన్నది కొంటానంటున్నాడు. నాకైతే ఇల్లు అమ్ముతున్నట్టుంది. నేను మాట్లాడటం మానేశాను. మీరైతే ఏం చేస్తారు?"

సినిమా పత్రికలో బండ్ల బేరాలేమిటని ఎడిటర్ గారు కళ్ళజోడు పైనుంచి చూస్తారని నాకు తెలుసు. అయ్యా, ఈ రోజుల్లో కేరవాన్ లేకుండా షూటింగుందా? పూర్వం ఎంత పెద్ద హీరో అయినా షాటుకీ షాటుకీ మధ్య చెట్టు కింద మడత కుర్చీలో కూర్చునేవాడు. ఇప్పుడు ఏసీ కేరవాన్‌లో కూర్చుంటున్నాడు. కేరవాన్ ఎంత పొడుగుంటే హీరో అంత పెద్దవాడని మీరే అంటారు. ఇక మన ఇళ్ళలో? బండి చిన్నదైతే మనిషి కూడా చిన్నవాడైనట్టేనా? ఆ తమ్ముడి అసలు భయం అదేనని నా అనుమానం. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే భయపడ్డాను.

మాది సుల్తాన్ బజార్. కోఠీ రెసిడెన్సీలో తెల్లదొర కాపురమున్న రోజుల్లో దీన్ని రెసిడెన్సీ బజార్ అనేవారు. 1933లో నిజాంకు తిరిగి అప్పగించాక సుల్తాన్ బజార్ అయింది. ఆ సందుల్లో మా నాయినకు ఓ కట్‌పీస్ దుకాణం. నాయిన, ఇద్దరు చిన్నాయినలు, అంతా ఒకే ఇంట్లో. లెక్క చెప్తాను వినండి: నాయనమ్మ ఒకరు, మూడు జంటలు, మేం ముగ్గురం, పెద్ద చిన్నాయినకు ఇద్దరు, చిన్న చిన్నాయినకు ఇద్దరు. వెరసి పద్నాలుగు మంది.

1982లో నాయిన ఓ పాత మెటాడోర్ కొన్నాడు. బజాజ్ టెంపో వాళ్ళు 1969లో దించిన డీజిల్ వ్యాను అది. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. ముక్కు లేని మొహం, గుండ్రటి లైట్లు, స్టార్టయితే సందంతా మేలుకునేంత చప్పుడు. చలికాలం పొద్దున్నే నలుగురు తోస్తే తప్ప కదిలేది కాదు. వారమంతా అందులో బట్టల మూటలు వచ్చేవి, ఆదివారం మేం ఎక్కేవాళ్ళం.

వడ్లాయన్ని పిలిపించి నాయిన లోపల బల్లలు కొట్టించాడు. పగలు వాటి మీద కూర్చోవచ్చు. రాత్రి మధ్యలో పలక వేస్తే మంచం అయ్యేది. బల్లల కింద పెట్టెలు: ఒకదాంట్లో బియ్యం, పప్పు, రెండో దాంట్లో కిరసనాయిల్ స్టవ్వు, మూడో దాంట్లో నాయనమ్మ ఇత్తడి గుండిగ. పైన క్యారియర్ మీద బొంతలు, నీళ్ళ డ్రమ్ము, ఓ పేద్ద టార్పాలిన్. ఇంగ్లీషు సినిమాల్లో క్యాంపర్ అంటారే, అచ్చం అదే. మాకు ఆ పేరు తెలీదు, అంతే తేడా!

ఆ బండిలో రెండేళ్ళకోసారి మేడారం వెళ్ళేవాళ్ళం. భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు, పస్రా, తాడ్వాయి... ఆ పేర్లు నాకిప్పటికీ ఎక్కాల్లా వచ్చు. సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్ళినవాళ్ళకు తెలుసు, అక్కడ అప్పట్లో హోటలూ లేదు, లాడ్జీ లేదు. ఎడ్లబండి మీద వచ్చినవాడు దాని కిందే పడుకుంటాడు, వ్యాన్లో వచ్చినవాడు వ్యాన్లో. జంపన్న వాగులో స్నానం, మూడు రాళ్ళ పొయ్యి, గద్దెలకు బెల్లం. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. నాలుగు రోజులు అడవి మొత్తం ఓ పట్నం అయిపోతుంది.

సినిమాలకీ అదే బండి. 1986లో 'సింహాసనం' వచ్చినప్పుడు (తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. చిత్రం) పద్నాలుగు మందిమీ హాలు ముందు దిగుతుంటే, ఏదో పెళ్ళి బృందమనుకుని గేటతను పక్కకి జరిగి దారిచ్చాడు. 1990 మేలో తుఫాను వానల్లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది కదా, ఆ వారమే వెళ్ళాం. కోఠీలో నీళ్ళు పారుతుంటే ఆటోలన్నీ ఆగిపోయాయి. మా మెటాడోర్ మాత్రం ఏనుగులా నడిచింది. ఆ పూట నాయిన మొహంలో కనిపించిన గర్వం, తెర మీద ఏ హీరో మొహంలోనూ నేను చూడలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఏనుగుక్కూడా ముసలితనం వస్తుంది. 1993లో నాయనమ్మ పోయింది. ఆ తరువాత రెండేళ్ళలో దుకాణం లెక్కలు, మాటా మాటా, చివరికి వేరు కాపురాలు. పెద్ద చిన్నాయిన దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు, చిన్న చిన్నాయిన కరీంనగర్. అక్క నిజామాబాద్ కోడలయింది. మెటాడోర్ మాత్రం సందు మొగదాల అలాగే నిలబడి ఉండేది. తోపుడు బండ్లవాళ్ళు దాని నీడన అరటిపళ్ళు అమ్ముకునేవాళ్ళు. నెలకోసారి నాయిన దాన్ని తుడిచి, బ్యాటరీ చార్జింగు పెట్టించి, మళ్ళీ తాళం వేసేవాడు.

1997లో ఓ రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఆ మాట ఎత్తింది.

"ఇగ ఆ బండి అమ్మేద్దాం. డీజిల్ దాగుడు, మెకానిక్కు, టైర్లు... ఎవరి కోసం?"

"వాళ్ళొస్తే?" అన్నాడు నాయిన.

ఆ రెండు ముక్కలే. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అప్పుడర్థమైంది నాకు, నాయిన కాపలా కాస్తున్నది బండికి కాదని. పద్నాలుగు సీట్లు ఖాళీగా ఉంటే ఏదో ఒక రోజు పద్నాలుగు మందీ వచ్చి కూర్చుంటారని ఆయన ఆశ. బండి అమ్మితే, ఇక రారని ఒప్పుకున్నట్టు.

అమ్మ గొంతు పెంచలేదు. "నేను రోజూ ఎన్ని కంచాలు కడుగుతున్ననో మీరే లెక్కవెట్టుండ్రి. నాలుగు. నాలుగు కంచాలకు పద్నాలుగు సీట్లెందుకు? వచ్చేటోళ్ళు సీటు జూసి రారు, మనిషిని జూసి వస్తరు" అంది.

నేను నాయిన పక్షం. మా చెల్లె అమ్మ పక్షం. నేనూ మన నల్గొండ తమ్ముడిలాగే నాలుగు రోజులు మాట్లాడటం మానేశాను. అలిగినవాడికి వడ్డించేది కూడా అమ్మే కాబట్టి అది ఎంతోకాలం సాగలేదనుకోండి.

చివరికి జనగామ వైపు ఓ టెంట్ హౌస్ ఆయన వచ్చి బేరమాడాడు. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు మోయడానికట. "అంటే పెండ్లిండ్లకే పోతదన్నమాట" అని నాయిన కాస్త తేలికపడ్డాడు. అప్పగించే ముందు రాత్రి ఆయన ఇంట్లో పడుకోలేదు. కిటికీలోంచి చూస్తే బండిలో, ఆ బల్ల మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. లేపలేదు నేను. ఇప్పటికీ అది మంచి పనే చేశాననుకుంటాను.

దాని బదులు వచ్చింది తెల్ల మారుతి ఓమ్ని, సెకండ్ హ్యాండే. సినిమాల్లో విలన్ మనుషులు సర్రున తలుపు జరిపి హీరోయిన్‌ని లాక్కుపోతారే, ఆ కిడ్నాప్ బండి! 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, 1988లో ఓమ్నిగా పేరు మార్చుకుని, 2019 దాకా తయారైంది. 796 సీసీ ఇంజను, అదీ ముందు సీటు కిందే ఉంటుంది. వేసవిలో డ్రైవరుకు ఆవిరి స్నానం ఉచితం.

పెద్ద ఇంటి సామాను చిన్న బండిలో సర్దడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. 1954లో వచ్చిన 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అనే ఇంగ్లీషు సినిమా దొరికితే చూడండి. కొత్తగా పెళ్ళయిన జంట ఓ పొడుగాటి ట్రైలర్ ఇల్లు కొంటుంది. వెళ్ళిన ప్రతిచోటా భార్య జ్ఞాపకంగా ఓ రాయి ఏరుకుంటుంది. కొండ ఎక్కాలి, బరువు తగ్గించమని భర్త అంటే, పారేయకుండా దాచిపెడుతుంది. ఆ కొండ దారిలో ఏమవుతుందో ఊహించుకోండి. నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతుంది గానీ, మనందరి ఇళ్ళలోనూ ఆ రాళ్ళున్నాయి.

మా ఇంట్లో రాయి ఇత్తడి గుండిగ. పద్నాలుగు మందికి అన్నం వండేది నలుగురికెందుకు? అది అక్క అత్తగారింటికి చేరింది. రోలు పక్కింటికి. డ్రమ్ము బదులు రెండు క్యాన్లు. వెనక సీటు మడిస్తే ఇద్దరు పడుకోవచ్చు. ముందు సీట్లలో ఇద్దరు కునికిపాట్లు పడొచ్చు. అంతా సర్దాక నాయిన చడీచప్పుడు లేకుండా ఆ పాత టార్పాలిన్ తెచ్చి వెనక కుక్కాడు.

"గింత బండికి గంత టార్పాలిన్ ఎందుకు?" అంది అమ్మ.

నాయిన పలకలేదు.

1998లో మళ్ళీ జాతర. నాయిన తమ్ముళ్ళిద్దరికీ ఫోన్ చేశాడు. "మీరు చిన్న బండి కొన్నరు గద అన్నా, మాకు జాగా ఏడిది? బస్సుల వస్తం తీ" అన్నాడు పెద్ద చిన్నాయిన. అందులో ఎత్తిపొడుపు ఉందో, బెంగ ఉందో నాకు తెలీలేదు. నాయినకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

సెల్‌ఫోన్లు లేని కాలం. లక్షల జనంలో ఎవరినెక్కడ వెతకాలి? తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలుస్తుంటారు కదా, నాయిన వెళ్ళి వాళ్ళను బతిమాలాడు. కాసేపటికి అడవంతా మోగింది: "సుల్తాన్ బజార్ కట్‌పీస్ దుకాణం తమ్ముళ్ళు ఎక్కడున్నా వాగు పక్క తెల్ల ఓమ్ని దగ్గరికి రావాలె, మీ అన్న మీ కోసం చూస్తున్నడు!"

గంట తరువాత మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఇద్దరూ, వాళ్ళ సంసారాలూ. నాయిన ఏమీ అనలేదు. ఓమ్ని పైన ఓ అంచు కట్టి, రెండు వెదురు బొంగులు పాతి, టార్పాలిన్ పరిచాడు. ఆ రాత్రి దాని కింద పన్నెండు మందిమి పడుకున్నాం. చిన్న చిన్నాయిన పైకి చూస్తూ, "ఇది మన మెటాడోర్‌దే గద అన్నా?" అన్నాడు. "ఊఁ" అన్నాడు నాయిన. అంతే. సినిమాలో అయితే ఇక్కడ ఓ పాట ఉండేది. మా వాళ్ళు గురకలు పెట్టారు.

నాయిన 2011లో పోయాడు. ఓమ్నిని నేను వాడుకున్నాను, నిరుడు దాకా. అమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి, మోకాళ్ళు పట్టేశాయి. ఆ ఎత్తు సీటు ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. మా అమ్మాయి పుణేలో ఉద్యోగం. ఇంట్లో కంచాలు మూడు. అయినా నేను ఒక ఏడాది నానబెట్టాను. చివరికి అమ్మే, "మీ నాయిన లెక్కనే నువ్వు గూడ బండిల పండుకుంటవా ఏంది?" అని అడిగింది. తెల్లారే అమ్మేశాను. ఇప్పుడు ఓ చిన్న కారు. కాలు కింద పెట్టి అలా కూర్చుంటే చాలు, అమ్మ లోపలుంటుంది.

సినిమాలకైతే అదీ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 7న మెట్రో మొదలయ్యాక సుల్తాన్ బజార్ స్టేషన్లో ఎక్కితే నారాయణగూడ, చిక్కడపల్లి, మూడోది ఆర్టీసీ క్రాస్ రోడ్స్. లిఫ్టులో ఎక్కి, లిఫ్టులో దిగి, అమ్మ ఇంటర్వెల్లో సమోసా తింటోంది. ఒకప్పుడు పద్నాలుగు టిక్కెట్లు కొన్నవాళ్ళం, ఇప్పుడు మూడు. హాళ్ళూ అంతేగా, వెయ్యి మంది ఈల వేసిన చోట మల్టీప్లెక్సులో రెండు మూడు వందల సీట్లు. సినిమా మాత్రం చిన్నదవలేదు.

కాబట్టి నల్గొండ తమ్ముడూ, నీకు నాలుగు మాటలు. ఒకటి, సీట్లు కాదు, కంచాలు లెక్కపెట్టు. ఏడాదిలో ఎన్ని రాత్రులు నిజంగా ఆ బండిలో పడుకున్నారో రాసి చూడు. రెండు, కొత్త బండిలో ఎక్కి దిగాల్సిన పెద్దవాళ్ళను ముందే ఎక్కించి చూసి కొనండి, రంగు తరువాత. మూడు, సామాన్లన్నీ తీసుకుపోవాలని చూడకు, ఒక్కటి మాత్రం దాచుకో. ఏది దాచాలో మీ నాన్నను అడుగు, ఆయనకు తెలుసు. నాలుగోది ముఖ్యం: ఆయనతో మాట్లాడు. ఆ బండి అమ్ముతున్నందుకు నీకంటే ఆయనకే ఎక్కువ బాధ. చెప్పడంతే. అప్పగించే ముందు అక్కలను పిలిచి, అందరూ అదే బండిలో ఓ సినిమాకి వెళ్ళి రండి. ఏ సినిమా అన్నది నీ ఇష్టం.

అన్నట్టు, మా చిన్న కారు డిక్కీలో ఇప్పుడు ఏముందో చెప్పలేదు కదూ? స్టెప్నీ, ఓ నీళ్ళ క్యాను, మడతపెట్టిన ఓ పాత టార్పాలిన్. మూడు చోట్ల చిరిగింది, అమ్మ అతుకులు వేసింది.

వచ్చే వారం సినిమా సంగతే. ఒట్టు!