తుప్పుకూ ఒక ఊరుంటుంది

కొత్త వస్తువును పాతదానివలె కనిపింపజేయడం కళ అవుతుందా, కపటమవుతుందా? నిన్న పోతపోసిన కంచుబొమ్మకు చిలుము పట్టించి, పురాతన విగ్రహమని నమ్మించి అమ్మేవాని విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. అది కపటమే. కాని నేను చెప్పబోయేది అరచేతి మీద నిలిచే ఒక ప్లాస్టిక్ కారును గురించి. దానిని ఎవరూ నిజమైన కారని భ్రమపడరు. అయినా దానికి తుప్పు పూయడంలో నేను ఒకసారి అబద్ధమాడాను. ఆ అబద్ధమెటువంటిదో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

పాశ్చాత్య దేశాలలో స్కేల్ మోడల్ నిర్మాణమనే వ్యాసంగం ఒకటున్నది. నిజమైన వాహనాన్ని ఒక నిర్దిష్ట నిష్పత్తిలో కుదించి, దాని భాగాలను ప్లాస్టిక్‌తో పోతపోసి, పెట్టెలో పెట్టి అమ్ముతారు. దానిని కిట్ అంటారు. భాగాలన్నీ సన్నని చట్రాలకు అంటుకొని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా కత్తిరించి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, అతికి, రంగులు వేసుకోవాలి. అమెరికన్ కార్ల కిట్లలో ఎక్కువగా కనిపించే నిష్పత్తి 1/25. అంటే నిజమైన కారులో ఒక అంగుళం ఇక్కడ దాదాపు ఒక మిల్లీమీటరు. నిర్మాణం పూర్తయిన తరువాత కొందరు దానికి దుమ్ము, నూనె మరకలు, ఎండకు వెలిసిన రంగు, తుప్పు మొదలైనవాటిని పూస్తారు. ఈ పనికి వారు పెట్టుకొన్న పేరు వెదరింగ్. ఎండావానలు ఏళ్ల తరబడి చేసే పనిని కుంచెతో నాలుగు రోజుల్లో చేయడమన్నమాట.

నా పూర్వవిద్యార్థి ఒకరు కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. ఈ వ్యాసంగంలో ఆయనకు మంచి ప్రవేశమున్నది. ఒకసారి స్వదేశానికి వచ్చినప్పుడు 1932 నాటి ఫోర్డ్ కారును హాట్ రాడ్‌గా మలచిన కిట్ నొకదానిని నాకు కానుకగా ఇచ్చారు. ప్రబంధాలు పాఠం చెప్పుకొనేవాడికి ఇటువంటి కానుక ఎందుకిచ్చారో అప్పుడు బోధపడలేదు.

హాట్ రాడ్ అంటే కర్మాగారంలో పుట్టిన కారు కాదు; యువకుల చేతుల్లో మళ్లీ పుట్టిన కారు. 1932లో ఫోర్డ్ సంస్థ వి-8 ఇంజనుతో ఒక కారును విడుదల చేసింది. దాని శక్తి 65 అశ్వశక్తి. సామాన్యులు కొనగల ధరలో అంత బలమైన ఇంజను విస్తారంగా దొరకడం అదే మొదలు. కొన్నేళ్లకు ఆ కార్లు పాతబడి, చేతులు మారి, చౌకగా కుర్రవాళ్లకు అందాయి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని వారు మడ్‌గార్డులు ఊడదీశారు, బానెట్ తీసివేశారు, ఇంజనును తమకు తోచినట్లు సంస్కరించారు. లాస్ ఏంజెలిస్‌కు ఉత్తరాన ఉన్న మొజావే ఎడారిలో మురాక్ వంటి ఎండిన సరస్సులున్నాయి. నీరింకిపోయి, గట్టిపడి, అద్దంవలె చదునుగా ఉండే నేలలవి. వారు అక్కడికి పోయి వేగాన్ని పరీక్షించుకొనేవారు. ఆ పందేలను క్రమబద్ధం చేయడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. తరువాత మురాక్ సైన్యం పాలైంది. నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం ఉన్నది అక్కడే. రెండవ ప్రపంచయుద్ధం 1945లో ముగిశాక, సైన్యంలో యంత్రవిద్య నేర్చి తిరిగివచ్చిన యువకులతో ఈ ఉత్సాహం మరింత పెరిగింది. 1948 జనవరిలో హాట్ రాడ్ అన్న పేరుతోనే ఒక పత్రిక వెలువడింది. ఆ మరుసటి ఏడాది యూటా రాష్ట్రంలోని బోన్‌విల్ ఉప్పునేలల మీద కూడ పందేలు మొదలైనాయి.

ఈ చరిత్ర అంతా నేను తరువాత చదువుకొన్నది. కిట్ చేతికి వచ్చినప్పుడు నాకు తెలిసినది ఒక్కటే: పాత కారు గనుక తుప్పు పట్టి ఉండాలి. మాది కాకినాడ. సముద్రపు గాలికి మా ఇంటి కిటికీ ఊచలు రెండేళ్లకొకసారి రంగు కోరుతాయి. రంగు కింద పొక్కులు లేస్తాయి, పొక్కులు పగిలి పెచ్చులూడుతాయి, అడుగున ఇనుము పొరలు పొరలుగా విచ్చుకొంటుంది. ఆ ఊచలనే ఎదురుగా ఆదర్శంగా పెట్టుకొని, నెలరోజులు శ్రమించి, ఆ కారును ఆపాదమస్తకం తుప్పుతో నింపాను. పై కప్పు, తలుపులు, చట్రం, ఇంజను, చివరకు గేరు రాడ్డును కూడ విడిచిపెట్టలేదు. చూసినవారందరూ మెచ్చుకొన్నారు. ముట్టుకొంటే చేతికి అంటుతుందేమోనని మా పొరుగువారు వేలు వెనక్కు తీసుకొన్నారు. నాకు గర్వం కలిగిన మాట నిజం.

మరుసటి ఏడు నా విద్యార్థి వచ్చి, దానిని చేతిలోకి తీసుకొని, చాలాసేపు తిప్పి చూశారు. ఆ తరువాత ఎంతో వినయంగా ఒక్క ప్రశ్న అడిగారు: "మాస్టారూ, ఈ బండి ఏ ఊళ్లో తిరిగిందండీ?"

నా దగ్గర సమాధానం లేదు.

తుప్పు అనేది రంగు కాదు, ఒక చర్య. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినప్పుడే అది పుడుతుంది. ఉప్పు తోడైతే వేగం పుంజుకొంటుంది. కాబట్టి మంచు కరగడానికి వీథుల్లో ఉప్పు చల్లే మిషిగన్ వంటి ఉత్తరాది రాష్ట్రాలలో కారు కిందినుంచి క్షీణిస్తుంది. తలుపుల అడుగు అంచులు, చక్రాల మీది వంపులు, గుమ్మం కింది రేకు ముందుగా పోతాయి. మొజావే ఎడారిలో వాన అరుదు. అక్కడ కారుకు శత్రువు నీరు కాదు, సూర్యుడు. ఎండ తగిలే పైభాగాల మీద రంగు వెలిసి, సున్నం కొట్టినట్లు పాలిపోతుంది. తుప్పు పట్టినా పలచని గోధుమవన్నె పొరగా నిలిచిపోతుందే తప్ప రేకును తొందరగా తినివేయదు. 1948లో ఎండిన సరస్సు మీద పరుగెత్తిన 1932 కారు వయస్సు పదహారేళ్లు మాత్రమే. పైగా దానిని ప్రాణంగా చూసుకొనే యజమాని పక్కనే ఉన్నాడు. నా కారు మీద ఉన్నది వందేళ్లు సముద్రపు ఒడ్డున పడి ఉన్న ఇనుపముక్క రూపం.

పై కప్పు విషయంలో నేను చేసిన తప్పు ఇంకా విచిత్రమైనది. ఆనాడు అంత పెద్ద రేకును ఒకే అచ్చుగా ఒత్తే వీలు లేనందున, 1932 ఫోర్డ్ కూపే కప్పు నడిమి భాగాన్ని పూత పూసిన గుడ్డతో మూసేవారు. పూర్తి ఉక్కు కప్పు ఫోర్డ్ కార్లకు 1937లో గాని రాలేదు. అంటే నేను గుడ్డకు తుప్పు పట్టించాను! ఆ ఖాళీలో రేకు అతికించుకొన్న హాట్ రాడ్‌లు లేకపోలేదు. నా కారు అటువంటిదని బుకాయించవచ్చు కూడ. కాని నేను పూసినప్పుడు ఆ సంగతి ఎరుగను గదా. ఇంజను మీది అల్యూమినియం భాగాలకు ఎర్రతుప్పు వేయడానికి మాత్రం ఏ సాకూ లేదు. అల్యూమినియం బూడిదవన్నెకు తిరుగుతుందే కాని ఎర్రబడదు. తలుపు మీద నేను చూపిన రంగు పెచ్చు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్నది. నిజమైన కారు మీద అది నాలుగంగుళాల గాయం.

మన ఆలంకారికులలో ఔచిత్యమే కావ్యానికి జీవమని సిద్ధాంతీకరించినవాడు 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు. ఆయన ఔచిత్యవిచారచర్చను నేను పాతికేళ్లుగా బోధిస్తున్నాను. దేశౌచిత్యం, కాలౌచిత్యం అని పలకని సంవత్సరం లేదు. అయినా చేతిలోకి కుంచె రాగానే దేశమూ మరచాను, కాలమూ మరచాను. పుస్తకంలో తెలిసినది చేతికి తెలియకపోవడం ఎటువంటిదో నాకు ఆనాడు తెలిసింది.

మరొక సంగతి కూడ ఇక్కడ చెప్పాలి. బొమ్మకారు నిర్మాణం శాస్త్రాధ్యయనపరులకు తగని పని అని నా మిత్రులు కొందరు నవ్వారు. భరతుని నాట్యశాస్త్రం ఆహార్యాభినయంలో పుస్తమని ఒక భాగం చెప్పింది. కొండలు, వాహనాలు, విమానాలు మొదలైనవాటి నమూనాలను రంగస్థలం కోసం తయారుచేయడమే పుస్తం. అందులో ముక్కలను కలిపి కూర్చే పద్ధతికి సంధిమమని పేరు. కిట్ నిర్మాణం సంధిమం కాక మరేమిటి? వృద్ధుని పాత్రకు తల నెరిపించుకొన్న యువనటుని మనం మోసగాడనము. అతని నడకలో వయస్సు లేకపోతే మాత్రం నొచ్చుకొంటాము. మోడల్ మీది తుప్పుకూ ఇదే కొలత వర్తిస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

రెండవ కిట్‌కు కుంచె పట్టేముందు కారుకు ఒక ఊరినీ ఒక సంవత్సరాన్నీ నిర్ణయించాను. దక్షిణ కాలిఫోర్నియా, 1948. యజమాని ఇరవై రెండేళ్లవాడు. యుద్ధంనుంచి తిరిగి వచ్చాడు. ఇంజనుకే డబ్బంతా అయిపోయి, పై రంగుకు మిగలలేదు. కనుక కారులో అధికభాగం బూడిదవన్నె ప్రైమర్‌లోనే ఉన్నది. ఒక తలుపు మాత్రం మరొక కారునుంచి తెచ్చినది. దానిమీద పాత నీలిరంగు ఎండకు వెలిసి ఉన్నది. ఆ తలుపు కోసం నేర్చుకొన్న పద్ధతి నన్నెంతో ఆకర్షించింది. మొదట ప్లాస్టిక్ మీద తుప్పురంగు వేసి, అది చెదరకుండా పైన వార్నిష్ పూస్తారు. దానిమీద తల వెంట్రుకలు చెదరకుండా స్త్రీలు చల్లుకొనే హెయిర్ స్ప్రేను చల్లి, ఆరనిచ్చి, దానిపైన అక్రిలిక్ రంగు వేస్తారు. తరువాత తడికుంచెతో మెల్లగా రుద్దితే నీరు లోపలికి దిగి స్ప్రే పొర కరుగుతుంది. పై రంగు అక్కడక్కడ లేచిపోయి కింది తుప్పు బయటపడుతుంది. ప్రకృతిలో ముందు రంగు, ఆ తరువాత తుప్పు. ఇక్కడ తుప్పు ముందుపుట్టి రంగు కోసం ఎదురుచూస్తుంది! తలుపు పిడి చుట్టూ, అంచుల వెంబడి, అంటే మనిషి చేయి తగిలేచోట మాత్రమే రుద్దాను. అదీ సూది మొనంత మేరకే.

మడ్‌గార్డులు లేని కారు గనుక ముందు చక్రాలు లేపిన దుమ్ము పక్కరేకుల మీద వెనక్కు చారలు కడుతుంది. ఆ చారలకు లేత గోధుమవన్నె పాస్టెల్ సుద్దను పొడిచేసి వాడాను. ఆ వి-8 ఇంజను తొందరగా వేడెక్కుతుందని ప్రసిద్ధి. అందువల్ల రేడియేటర్ మూత కింద నీరు పొంగి ఎండిన తెల్లని జాడ ఒకటి సన్నగా దించాను. ఆ కారు మొత్తం మీద తుప్పు ఎంతో వెదికితే గాని కనిపించదు.

ఇది పరిమితంగా ఆలోచించడమేనని, కళలో ఊహకు స్వేచ్ఛ ఉండాలని వాదించేవారున్నారు. 20వ శతాబ్దం చివరి దశకాలలో ర్యాట్ రాడ్ అనే ధోరణి బయలుదేరి, తుప్పునే అలంకారంగా చేసుకొన్న కార్లు నిజంగానే రోడ్ల మీదికి వచ్చాయి. లక్షలు పోసి మెరుగులు దిద్దిన ప్రదర్శన కార్ల మీద అది తిరుగుబాటు. అటువంటి కారును నమూనాగా తీసుకొంటే తుప్పు ధారాళంగా పూయవచ్చు. అది దాని కాలౌచిత్యం. 1940ల కారుకు ఆ వేషం వేయడాన్నే నేను వ్యతిరేకిస్తున్నాను. ఎందుకంటే ఆ యువకులలో ఎవరూ తుప్పును కోరలేదు. వారు కోరినది తళతళలాడే రంగు. డబ్బు చేతికి రాగానే చేసినది కూడ అదే. వారి ప్రైమర్ పేదరికమే కాని వేషం కాదు. వారు రాత్రింబవళ్లు తోమి కాపాడుకొన్న వస్తువును, ఎవరో పొలంలో వదిలివేసిన దానివలె చూపడం వారి శ్రమకు అన్యాయం చేయడమే.

నా రెండవ కారు ఛాయాచిత్రం చూసి నా విద్యార్థి, టైర్ల అడుగున దుమ్ము చాలలేదని మాత్రం వ్రాశారు. ఆ లోపాన్ని దిద్దాను. మొదటి కారును పారవేయడానికి మనస్సొప్పలేదు. రెండింటినీ పుస్తకాల బీరువాలో పక్కపక్కనే పెట్టి, రెండవదాని కింద "మురోక్ దారి, 1948" అని కాక, మురాక్ అప్పటికి సైన్యం చేతిలో ఉన్నదని గుర్తువచ్చి, "దక్షిణ కాలిఫోర్నియా, 1948" అని చీటీ అంటించాను. మొదటిదాని కింద "కాకినాడ" అని వ్రాసి నిజం ఒప్పుకొన్నాను. మా అమ్మాయి ఆ చీటీ చదివి, "మరి కాకినాడ బండికి స్టీరింగు ఎడమవైపున ఎందుకుంది నాన్నగారూ?" అని అడిగింది. దానికి ఇంకా సమాధానం వెదుకుతున్నాను.